రాళ్ళకి దణ్ణం పెట్టే ముందు

ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఫ్రాన్స్‌లో ఒక సైకిల్ రేసు జరుగుతుంది. పేరు పారీ-రూబే. మర్నాటికల్లా ఒకే వ్యాసం వంద మంది పేర్లతో ఇంటర్నెట్ నిండా తేలుతుంది. పైన ఒక ఫొటో: మట్టి గడ్డకట్టిన ముఖం, అందులో రెండు తెల్లటి కళ్ళు. కింద "ఉత్తరాది నరకం" అని శీర్షిక. లోపలికెళ్తే బాధ, పవిత్రత, ప్రక్షాళన, చివర్లో మోక్షం. రైడర్లు మనుషులు కారు, యోగులు. రోడ్డు రోడ్డు కాదు, బలిపీఠం.

ఈ వ్యాసం మీద నాకు కోపం. రేసు మీద కాదు. పదేళ్ళుగా ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నేను ఎవరికీ దొరకను. కోపమంతా ఆ రేసుని "బాధ"కి కుదించేసి, పైగా అదే లోతైన చూపు అనుకునే రచన మీద. మన సాహిత్య మిత్రుల్లోనూ ఈ మధ్య ఆ గాలి వీస్తోంది కాబట్టి, ఇక్కడే మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది 1896లో మొదలైన ఒక్కరోజు రేసు. టూర్ ద ఫ్రాన్స్ కంటే ఏడేళ్ళు పెద్దది. 1977 నుంచి పారిస్‌లో కాకుండా దానికి ఉత్తరాన ఉన్న కోంపియేన్ ఊళ్ళో బయల్దేరి, బెల్జియం సరిహద్దు పక్కనున్న రూబే పట్నంలోని పాత వెలోడ్రోమ్‌లో ముగుస్తుంది. దాదాపు 260 కిలోమీటర్లు. అందులో 55 కిలోమీటర్ల దాకా రాళ్ళు పరిచిన పాత పొలం దారులు. ఆ రాళ్ళని అక్కడివాళ్ళు పావే అంటారు. మన ఊళ్ళలో తారు లేచిపోయిన రోడ్డుని ఊహించుకోకండి. అది ఇంకా నయం. బండెడు రాళ్ళు పక్కపక్కన పాతి, మధ్యలో సందులు వదిలి, నూరేళ్ళు ఎడ్లబళ్ళూ ట్రాక్టర్లూ తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గెలిచినవాడికి కప్పు బదులు ఒక రాయి ఇస్తారు.

ఇక ఆ "నరకం" అనే మాట దగ్గరికొద్దాం. చాలామంది అది రాళ్ళని చూసి పెట్టిన పేరనుకుంటారు. కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, రేసు మళ్ళీ జరపాలంటే అసలు రోడ్డంటూ మిగిలిందా అని చూడ్డానికి నిర్వాహకులు, పత్రికలవాళ్ళు ఉత్తరానికి వెళ్ళారు. నాలుగేళ్ళు ఫిరంగులు దున్నేసిన నేల అది. ఊళ్ళు లేవు, చెట్లకి తలలు లేవు, గుంత పక్కన గుంత, వాటి మధ్య శిలువలు. ఆ దృశ్యాన్ని వాళ్ళు నరకం అన్నారు. అది ఉపమానం కాదు, రిపోర్టింగ్. 1913లో ఈ రేసు గెలిచిన ఫ్రాన్స్వా ఫాబేర్ 1915 మేలో ఆ ప్రాంతంలోనే, ఆర్త్వా యుద్ధంలో, చనిపోయాడు. 1909 నుంచి 1911 దాకా వరసగా మూడుసార్లు గెలిచిన ఒక్తావ్ లపీజ్ 1917లో యుద్ధవిమానం నడుపుతూ కూలిపోయాడు. అంటే ఆ మాట పుట్టినప్పుడు దానికింద నిజంగా శవాలున్నాయి. రైడర్లు ఆ శవాల్లో కొందరి స్నేహితులు.

ఇప్పుడు అదే మాట టీషర్టు మీద ఉంది. కాఫీ కప్పు మీద ఉంది. వంద మంది సరదాగా తొక్కే ఆదివారం రైడ్ పోస్టర్ మీద ఉంది. మాటలు అర్థాలు మార్చుకుంటాయి, అది భాష స్వభావం, దానికేం ఏడవను. కానీ "నరకం" అన్నప్పుడల్లా తమకేదో చరిత్ర లోతు తెలిసినట్టు గొంతు మార్చేవాళ్ళు, ఆ చరిత్రనే వదిలేసి మాటని మాత్రం పట్టుకుపోవడం ఉంది చూశారా, దానికి ఒళ్ళు మండుతుంది.

ఇలాంటిదే ఇంకోటి. 1919లో ఆ మొదటి యుద్ధానంతర రేసు గెలిచింది ఆన్రీ పెలిసియే. 280 కిలోమీటర్లకి పన్నెండు గంటల పైన పట్టింది. దారిలో లెవల్ క్రాసింగ్ దగ్గర రైలు అడ్డంగా ఆగి ఉంటే, సైకిల్ భుజానేసుకుని బోగీలోంచి అటు దిగి వెళ్ళాడని చెప్తారు. ఇదే పెలిసియే 1924 టూర్ మధ్యలో రేసు వదిలేశాడు. కారణం చిన్నదిలా కనిపిస్తుంది. పొద్దున్న చలికి వేసుకున్న రెండో జెర్సీ మధ్యాహ్నం విప్పి పారేసే హక్కు రైడర్‌కి లేదు, ఎన్నింటితో మొదలెట్టాడో అన్నింటితో ముగించాలని రూలు. దాని మీద గొడవ. ఆ రోజు అతను ఒక కెఫేలో కూర్చుని, ఈ రేసు తొక్కడానికి తాము ఏమేం మందులు మింగుతున్నారో, ఒంటికి ఏమవుతోందో జర్నలిస్టు అల్బేర్ లోంద్ర్‌కి చెప్పాడు. ఆ కథనంతోనే "రోడ్డు మీది ఖైదీలు" అనే పేరు నిలిచిపోయింది.

నూరేళ్ళు గడిచాయి. ఆ మాట ఇప్పుడు దేనికి వాడుతున్నారు? పొగడ్తకి. ఒక కార్మికుడు యాజమాన్యం మీద చేసిన ఫిర్యాదు కాస్తా వాడి మెళ్ళో పూలదండ అయిపోయింది. పని పరిస్థితుల గురించి నోరు విప్పినవాణ్ణి "ఆహా, ఎంత బాధ పడ్డాడు, ఎంత గొప్పవాడు" అని మెచ్చుకుంటే ఇంక వాడు అడిగిందానికి జవాబు చెప్పక్కర్లేదు. నా వాదన అంతా ఇంతే. బాధని పూజించడమంటే బాధ గురించి అడిగే ప్రశ్నల్ని దాటెయ్యడం.

అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. మొదటిది, ఈ రేసు ఎందుకు పుట్టింది? ఏదో ఆధ్యాత్మిక అన్వేషణ కోసం కాదు. తియోదోర్ వియెన్, మోరిస్ పెరెజ్ అని రూబేలో ఇద్దరు నూలు మిల్లు ఆసాములు 1895లో ఒక వెలోడ్రోమ్ కట్టించారు. దానికి జనం రావాలి. అందుకని పారిస్ నుంచి తమ ట్రాక్ దాకా ఒక రేసు పెట్టించమని "ల వెలో" అనే పత్రికకి ఉత్తరం రాశారు. అందులో వాళ్ళ వాదనేమిటో తెలుసా? బోర్దో-పారిస్ లాంటి మహా దూరపు రేసు తొక్కేవాళ్ళకి ఇది పిల్లల ఆట, దానికి మంచి ప్రాక్టీసు అవుతుంది అని! నరకంగా పేరుపడ్డ రేసు "సుళువుగా ఉంటుంది" అనే సేల్స్ పిచ్‌తో మొదలైంది. ఈ ముక్క ఆ వంద వ్యాసాల్లో ఒక్కదాంట్లో కూడా నాకు కనపడలేదు.

రెండో ప్రశ్న, ఆ రాళ్ళ రోడ్లు ఎవరివి? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతంలో రోడ్లకి తారు వెయ్యడం మొదలైంది. 1965 నాటికి రేసులో మిగిలిన రాళ్ళ దారి 22 కిలోమీటర్లు. ఊళ్ళ మేయర్లు ఆ రాళ్ళని చూసి సిగ్గుపడేవాళ్ళు. టీవీలో దేశమంతా చూస్తోంది, మా ఊరు వెనకబడిందనుకుంటారని రేసు రాకముందే తారు పోయించినవాళ్ళున్నారు. పారిస్‌లో కూర్చున్నవాడికి కవిత్వం, అక్కడ కాపురముంటున్నవాడికి పాడు రోడ్డు. ఇది మనకి కొత్త విషయం కాదు కదా. ఎవరి ఊరి మట్టిరోడ్డు వాళ్ళకి తప్ప మిగతా అందరికీ అందంగానే ఉంటుంది.

అప్పుడు నిర్వాహకులు పాత రాళ్ళ కోసం వెతకడం మొదలెట్టారు. 1968లో ఆరెన్‌బర్గ్ అడవిలోంచి పోయే దారిని చూపించింది జాన్ స్టాబ్లిన్‌స్కీ. పోలండ్ నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టినవాడు, 1962 ప్రపంచ ఛాంపియన్. కుర్రతనంలో అదే ఆరెన్‌బర్గ్ బొగ్గుగనిలో పనిచేశాడు. ఆ రాళ్ళ మీద రేసు తొక్కినవాళ్ళు వందల మంది ఉంటారు. వాటి కింద, నేల లోపల, బొగ్గు తవ్వి పైన రేసు కూడా తొక్కినవాడు మాత్రం అతనొక్కడే అంటారు. ఇవాళ ఆ రెండుంపావు కిలోమీటర్ల దారి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఫొటోలు తీయించుకునే రోడ్లలో ఒకటి. దాని మొదట్లోనే గని గోపురాలు కనిపిస్తాయి. హెలికాప్టర్ కెమెరా వాటి మీంచి ఒక్క క్షణం వెళ్ళిపోతుంది.

సాహిత్యం చదివేవాళ్ళం కదా, మనమైనా ఆ క్షణంలో ఆగాలి. జోలా "జెర్మినాల్" నవల రాయబోయే ముందు, 1884లో, సమ్మె జరుగుతున్న ఆంజాన్ గనులు చూడ్డానికి వచ్చింది ఈ నేలకే. 1993లో ఆ నవలని సినిమాగా తీసినప్పుడు షూటింగ్ జరిగింది ఈ ఆరెన్‌బర్గ్ గని దగ్గరే. అప్పటికి ఆ గని మూతపడి నాలుగేళ్ళు. 1906 మార్చి 10న పక్క జిల్లాలోని కూరియేర్ గనుల్లో జరిగిన పేలుడులో 1,099 మంది చచ్చిపోయారు. తర్వాత పెద్ద సమ్మె. మరుసటి నెల పారీ-రూబే మామూలుగానే జరిగింది, ఆన్రీ కొర్నే గెలిచాడు. ఇన్ని సంగతులు ఒకే నేలలో పాతుకుని ఉండగా, "బాధ" అనే మాట రాయాలనిపించినవాడికి ఒక రైడర్ తొడల మంట తప్ప ఇంకేమీ గుర్తుకు రాకపోవడం కళాదృష్టి ఎలా అవుతుంది? అది బద్ధకం.

ఈ రేసు మీద వచ్చిన గొప్ప కళాఖండం ఆ బద్ధకం చెయ్యలేదు. డెన్మార్క్ కవి, దర్శకుడు యోర్గన్ లెత్ 1976 రేసుని డాక్యుమెంటరీగా తీశాడు. ఇంగ్లీషులో "ఎ సండే ఇన్ హెల్" అంటారు. వెనక బృందగానం, స్లో మోషన్, దుమ్ము - బాధారాధకులకి కావల్సినవన్నీ ఉన్నాయి. కానీ అందులోనే ఒకచోట రేసు ఆగిపోతుంది. "ల పారిజియాన్ లిబేరే" పత్రిక ప్రింటింగ్ కార్మికులు రోడ్డుకి అడ్డంగా నిలబడతారు. వాళ్ళ గొడవ అమోరీ సంస్థతో. ఆ సంస్థకీ రేసు నిర్వహణకీ చుట్టరికం ఉంది. ఇవాళ రేసు నడిపేది కూడా ఆ కుటుంబపు కంపెనీయే. లెత్ ఆ సీను కత్తిరించి పారెయ్యలేదు. మెకానిక్కులు టైర్లు అతకడం, మసాజ్ చేసేవాళ్ళ చేతులు, రైడర్ల టిఫిను, అన్నీ అంతే శ్రద్ధగా చూపించాడు. పని చూపించాడన్నమాట. ఆ సినిమాని తల మీద పెట్టుకునే మనవాళ్ళు దాన్నుంచి నేర్చుకున్నది మాత్రం పేరులోని చివరి మాట ఒక్కటే.

మూడో ప్రశ్న ఆడవాళ్ళది. 1896లో మొదలైన రేసు ఆడవాళ్ళకి దొరికింది 2021 అక్టోబరు 2న. నూటపాతికేళ్ళు. బాధ పడటమే మోక్షమైతే ఆ మోక్షద్వారం సగం మందికి ఎందుకు మూసేశారో ఆ వేదాంతులు చెప్పాలి. ఆ మొదటి రేసులో బ్రిటన్‌కి చెందిన లిజీ డైగ్నన్ 80 కిలోమీటర్లకి పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. గ్లవ్స్ వేసుకోలేదు, అరచేతులు చీలి హ్యాండిల్ టేపుకి రక్తం అంటుకుంది. ఆ టేపు ఫొటో నా ఫీడ్‌లో కనీసం ఇరవైసార్లు వచ్చింది. మర్నాడు గెలిచిన మగవాడికి నిర్వాహకులిచ్చే బహుమతి 30,000 యూరోలు, ఆమెకి 1,535 యూరోలు అన్న సంగతి రెండుసార్లు వచ్చింది. తేడాని ఆమె టీమే భర్తీ చేసింది. రక్తం మీద కవిత్వం రాసినవాళ్ళెవరూ ఆ అంకె మీద ఒక వాక్యం రాయలేదు. రక్తానికి ప్రాస కుదురుతుంది, జీతానికి కుదరదు కాబోలు.

సరే, అవతలి పక్షం మాట కూడా వినాలి. నాతో వాదించే స్నేహితుడొకడు అంటాడు: "బాధ తీసేస్తే ఆ రేసులో ఇంకేం మిగులుతుందిరా? రాళ్ళు తీసేసి హైవే మీద పెట్టమంటావా?" ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

నా జవాబు: కష్టం వేరు, బాధ వేరు. ఆ రోడ్డు కష్టమైనది, అందుకే చూస్తాను. కష్టం విద్యని అడుగుతుంది. టైర్లో గాలి ఎంత ఉండాలి? ఎక్కువైతే రాళ్ళ మీద సైకిల్ ఎగురుతుంది, తక్కువైతే రాయి అంచుకి రిమ్ము తగిలి పంచర్ అవుతుంది. రోడ్డు నడుమ వీపులా ఉబ్బిన చోట తొక్కాలా, పక్కన మట్టి అంచులోకి దిగాలా? రాళ్ళ దారి మొదలయ్యే ముందే గుంపులో పదో స్థానంలోకి రావాలా, ఆ తొందరలో ముందే ఒంట్లో సత్తువ ఖర్చయిపోతే ఎలా? హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటే చేతులు చచ్చిపోతాయి, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది, మరి ఎంత? క్షణానికొక నిర్ణయం. ఇంత తెలివిని "పంటి బిగువున బాధ భరించాడు" అనే ఒక్క వాక్యంలోకి తొక్కెయ్యడం ఆ రైడర్‌ని అవమానించడమే.

మాథ్యూ హేమన్ కథ చూడండి. 2016లో రేసుకి ఆరు వారాల ముందు చెయ్యి విరిగింది. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కుతూ సిద్ధమయ్యాడు. ఏప్రిల్‌లో వచ్చి, అప్పటికే నాలుగుసార్లు గెలిచిన టామ్ బోనెన్‌ని చివరి స్ప్రింట్‌లో ఓడించాడు. బాధ వ్యాసానికి ఇంతకంటే సరుకు దొరకదు, అందరూ ఆ విరిగిన చెయ్యి గురించే రాశారు. కానీ హేమన్‌కి అది పదిహేనో పారీ-రూబే. వయసు 37. ప్రతి రాయీ, ప్రతి మలుపూ పద్నాలుగు ఏళ్ళుగా ఒంట్లోకి ఇంకిపోయినవాడు. వెలోడ్రోమ్‌లో ఎప్పుడు లేవాలో వాడికి తెలుసు. గెలిపించింది చెయ్యి విరగడం కాదు, చెయ్యి విరిగినా పోని చదువు.

రెండో అభ్యంతరం: "రైడర్లే ఆ ప్రమాదాన్ని కోరుకుంటారు, మధ్యలో నీకేంటి?" కొందరు కోరుకుంటారు, నిజమే. 2024లో ఆరెన్‌బర్గ్ అడవిలోకి దూసుకెళ్ళే వేగం తగ్గించడానికి ముందు ఒక వంకర మలుపు పెట్టారు. అప్పటి విజేత మాథ్యూ వాన్ డెర్ పూల్ ఇదేమన్నా జోకా అని వెక్కిరించాడు. బాధారాధకులు ఆ మాటని నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఆ మలుపు అడిగింది కూడా రైడర్లే, వాళ్ళ సంఘం ద్వారా. ఆ ఏడు రేసు సగటు వేగం గంటకి 47.8 కిలోమీటర్లు, అప్పటిదాకా జరిగినవాటిలో అత్యధికం. అంత వేగంతో ఆ అడవిలోకి వెళ్తే ఏమవుతుందో యోహాన్ మ్యూసేవ్‌ని అడగాలి. 1998లో అక్కడ పడి మోకాలి చిప్ప పగిలింది, గాయం కుళ్ళి కాలు తీసెయ్యాల్సినంత పని అయింది. రెండేళ్ళ తర్వాత గెలిచి, గీత దాటుతూ ఆ మోకాలు పైకెత్తి చూపించాడు. ఫొటో అదే మిగిలింది, ఆసుపత్రి వారాలు మిగల్లేదు. ఇద్దరు రైడర్లు రెండు మాటలంటే, మనం ఏ మాటని ఎత్తి రాస్తామన్నది రైడర్ల గురించి కాదు, మన గురించి చెప్తుంది.

ఆ రాళ్ళని నిజంగా ప్రేమించేవాళ్ళు ఎవరో చెప్పనా? "పారీ-రూబే మిత్రులు" అని అక్కడొక స్వచ్ఛంద సంఘం ఉంది. లేచిపోయిన రాళ్ళని తీసి, కింద నేల సరిచేసి, మళ్ళీ పాతుతుంటారు. ఆరెన్‌బర్గ్‌లో రాళ్ళ సందుల్లో గడ్డి పెరిగితే జారుతుందని ఈమధ్య మేకల్ని తోలి మేపించారు. చూడండి తమాషా: నరకం అని మనం పారవశ్యంతో ఊగిపోయే రోడ్డుని, పడకుండా తొక్కగలిగేలా చెయ్యడానికి వాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తున్నారు. మేయర్లు సిగ్గుపడిన రాళ్ళు ఆ మనుషుల చేతుల్లో వారసత్వమయ్యాయి. ఆ పని గురించి ఒక మంచి వ్యాసం రండి, రాయండి, మొదటి పాఠకుణ్ణి నేనే.

ఇంత గొడవ మనకెందుకు అంటారా? ఎందుకంటే ఈ బాధారాధన సైకిళ్ళ దగ్గర ఆగదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో, రిలీజ్ ముందు వరసగా ఆరు వీకెండ్లు పని చేయించాక, మీటింగ్‌లో ఒక స్లైడ్ వేశారు. మట్టి కొట్టుకుపోయిన రైడర్ ముఖం. కింద, బాధ తాత్కాలికం అనే అర్థం వచ్చే ఒక కొటేషన్. ఆ రైడర్‌కి ఒక యూనియన్ ఉందని, ఆ యూనియన్ అడిగితే రోడ్డుకి మలుపు పెట్టారని స్లైడ్‌లో లేదు. ఓవర్‌టైమ్ గురించి అడుగుదామనుకున్నవాళ్ళు ఆ ముఖం చూసి నోరు మూసుకున్నారు. స్లైడ్ పని అదే.

సాహిత్యంలోనూ అంతే. మన సమీక్షల్లో "రక్తంతో రాశాడు" అన్నది అత్యున్నత ప్రశంస. కవి పస్తులుంటే కవిత్వానికి మార్కులు పెరుగుతాయి. ఒక రచయిత్రి పుస్తకం గురించి మాట్లాడమంటే ఆమె పడ్డ కష్టాల గురించి మాట్లాడి కూర్చుంటాం. వాక్యం ఎలా కట్టింది, ఏది వదిలేసింది, ఎన్నిసార్లు తిరగరాసింది అని అడగం. ఆమె విద్యని దాచేసి గాయాన్ని మాత్రం ఊరేగిస్తాం. ఆ గాయం ఎవరు చేశారో అనే ప్రశ్న కూడా ఆ ఊరేగింపు చప్పుడులో వినపడదు. హేమన్ విరిగిన చెయ్యి గురించి రాసినవాళ్ళకీ మనకీ తేడా ఏమిటి?

కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో మీలో ఎవరైనా ఈ రేసు గురించి రాయబోతుంటే, నాదొక విన్నపం. రాళ్ళ గురించి రాయండి, కానీ వాటిని ఎవరు పాతారో, ఎవరు తారు పోయమన్నారో, ఎవరు తిరిగి పాతుతున్నారో కూడా కనుక్కుని రాయండి. రక్తం కనిపిస్తే దాని పక్కన బహుమతి డబ్బు ఎంతో రాయండి. టైర్లో గాలి గురించి ఒక పేరా రాయండి, విసుగ్గా ఉండదు, నా మాట నమ్మండి. అన్నీ అయ్యాక కూడా శీర్షికలో నరకం అనే మాట పెట్టాలనిపిస్తే పెట్టుకోండి. కానీ పక్కన 1919 అని వెయ్యండి.